దుమ్ము రోడ్డు మీద తిరిగేవాళ్లకి విటమిన్ సి సీరం పనికొస్తుందా?

శ్రీకాకుళం నుంచి టెక్కలి వైపు రోజూ బండి మీద వెళ్లొచ్చేవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. గ్రానైట్ లోడు లారీ వెనక కాసేపు ఇరుక్కుంటే చాలు, ఇంటికొచ్చి తడి దూదితో మెడ తుడిస్తే దూది బూడిద రంగుకి తిరుగుతుంది, చున్నీ కట్టిన గీత కింద తెల్లగా, పైన నల్లగా తేడా తెలిసిపోతుంది. ఆ దుమ్ము కడిగితే పోతుంది కాబట్టి దానితో ఇబ్బంది లేదు. నా బెంగల్లా కంటికి కనపడని మసి గురించే.

డీజిల్ పొగలో 2.5 మైక్రాన్లకన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నటి రేణువులుంటాయి, వాటికి పీఏహెచ్‌లనే రసాయనాలు అంటుకుని ఉంటాయి. ఇవి చర్మంలో ఫ్రీ రాడికల్స్‌ని, అంటే కణాల్ని దెబ్బతీసే చురుకైన అణువుల్ని పుట్టిస్తాయి, దాంతో చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్ దెబ్బతింటుంది, మచ్చలు పెరుగుతాయి. 2010లో జర్మనీలో 70-80 ఏళ్ల మహిళలు 400 మందిని పరిశీలిస్తే, గాలిలో వాహనాల మసి పెరిగినచోట నుదుటి మీద, బుగ్గల మీద మచ్చలు 20 శాతం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఎండలో తిరిగితే నల్లబడతాం అనుకుంటాం గానీ పొగ వాటా కూడా ఉందన్నమాట.

చర్మంలో సహజంగా ఉండే విటమిన్ సి, ఇ ఈ ఫ్రీ రాడికల్స్‌తో పోరులో ఖర్చయిపోతుంటాయి. వాటిని పైనుంచి అందించడమే సీరం పని. అట్ట మీద ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ (విటమిన్ సి అసలు పేరు) అని ఉందా, 10 నుంచి 20 శాతం లోపల ఉందా చూడండి. 20 దాటితే చర్మం ఎక్కువేమీ పీల్చుకోదు, మంట మాత్రం పెరుగుతుంది. 15 శాతం సి, 1 శాతం ఇ ఉన్నదానికి మొక్కల్లో దొరికే ఫెరులిక్ యాసిడ్ 0.5 శాతం కలిపితే రక్షణ నాలుగు రెట్ల నుంచి ఎనిమిది రెట్లయిందని 2005లో అమెరికాలో చేసిన ప్రయోగం ఒకటుంది, కానీ అది పంది చర్మం మీద, ఎండలాంటి కాంతితో చేసింది, పొగతో కాదు. కాబట్టి సీరం రాశాం కదా అని లారీ వెనకే ధీమాగా వెళ్లొద్దు.

మన దగ్గర అసలు సమస్య ఉక్క. విటమిన్ సి వేడికి, వెలుతురుకి, గాలికి పాడైపోతుంది. కొన్నప్పుడు నీళ్లలా ఉన్న సీరం డికాషన్ రంగుకొచ్చి, డ్రాపర్ అంచున గోధుమ రంగు చార కట్టిందంటే పారేయండి, ఎంత పెట్టి కొన్నా సరే. చిన్న సీసా, ముదురు రంగు గాజుది కొనుక్కుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. దాని బదులు నిమ్మచెక్క రుద్దుకోవచ్చా అని మా వదిన అడిగింది. వద్దు, ఆ రసంతో ఎండలోకి వెళ్తే కాలినట్టు మచ్చలు పడొచ్చు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఇంటికి రాగానే మురికి వదలాలని సున్నిపిండితో బరబరా రుద్దేస్తారు చాలామంది. పై పొర గీసుకుపోతే చర్మానికున్న కాపుదలే పోతుంది, మర్నాటి పొగ ఇంకా తేలిగ్గా లోపలికి దిగుతుంది. మెత్తటి ఫేస్‌వాష్‌తో ఒకసారి కడిగి మాయిశ్చరైజర్ రాస్తే చాలు.

ఉదయం ముఖం బాగా ఆరాక మూడు నాలుగు చుక్కల సీరం, దానిమీద ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. మంగు మచ్చలున్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ వాడితే ఇంకా మేలు. సి పడక మంట పుడితే 5 శాతం నియాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రకం) చూడండి, నెమ్మదైనది. రెండింటిలో ఒకదానికే డబ్బులుంటే మాత్రం సీరం వదిలేసి సన్‌స్క్రీనే కొనండి.

క్రషర్ల దగ్గర, రాయి కోసే చోట పనిచేసే అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి ఈ సీరాల గొడవే వద్దు. ఆ రాతి పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్నే పట్టేస్తుంది. వాళ్లకి కావలసింది ముఖానికి బిగువుగా పట్టే మంచి మాస్కు, కోసేటప్పుడు రాయి మీద ఆగకుండా పడే నీళ్లు. అవి ఇమ్మని యజమానిని అడగండి.