రాజుల ఎముకల కంటే ఆ డైవర్ కథే

ఇంగ్లండ్‌లో వించెస్టర్ కేథడ్రల్ అనే పెద్ద చర్చి చూశాను. 1079లో మొదలుపెట్టిన కట్టడం. వెయ్యేళ్ల కిందట ఇంగ్లండ్‌ని ఏలిన కనూట్ రాజు, ఆయన రాణి ఎమ్మా లాంటి వాళ్ల ఎముకలు చెక్కపెట్టెల్లో ఉన్నాయంటారు, కానీ ఏవి ఎవరివో కలగాపులగం అయిపోయాయి, ఎందుకంటే 1642లో రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం జరిగినప్పుడు పార్లమెంటు సైనికులు పెట్టెలు పగలగొట్టి ఆ ఎముకల్నే రంగుటద్దాల కిటికీల మీదికి విసిరారట! పగిలిన ముక్కల్ని తర్వాత పడమటి కిటికీలో ఎలా పడితే అలా అతికించారు, ఒక్క బొమ్మా సరిగ్గా తెలియదు, నాకైతే అదే తెగ నచ్చింది.

అసలు కథ మాత్రం నేల కింద ఉంది. తూర్పు భాగాన్ని బురదనేల మీద దుంగలు పరిచి కట్టారు, అది కుంగి 1900ల మొదట్లో గోడలు బీటలు వారాయి, పునాది కోసం తవ్వితే గోతుల్లోకి నీళ్లు ఊరిపోయాయి. అప్పుడు విలియం వాకర్ అనే డైవర్‌ని దించారు. 1906 నుంచి 1911 వరకు, చేతికి తగిలిందే తప్ప కంటికేం కనబడని ఆ బురదనీళ్లలో కాంక్రీటు బస్తాలు పేర్చాడాయన. మధ్యాహ్నం తిండికి పైకొచ్చినా ఆ బరువైన డైవింగ్ సూట్ విప్పేవాడు కాదు, హెల్మెట్ మాత్రం తీసేవాడు.

ఇంత చేస్తే, ఆయన గుర్తుగా పెట్టిన మొదటి బొమ్మకి పొరపాటున ఆ పనులు చూసిన ఇంజనీరు ఫ్రాన్సిస్ ఫాక్స్ మొహం చెక్కారు. దాన్ని మార్చేసరికి 2001 వచ్చింది. కాంక్రీటు మోసింది ఒకరు, మొహం ఇంకొకరిది, ఏం చెప్తాం!