అవ్వ చూసిన వెర్మీర్

ఆర్ట్ కాలేజీ సెకండియర్‌లో లైఫ్ స్టడీకి, అంటే ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి బొమ్మ వేసే క్లాసుకి, కూర్చున్న అవ్వ మా బ్యాచ్‌లో అందరికీ గుర్తుండే ఉంటుంది. మన కాలేజీ గేటు దగ్గర పల్లీలు అమ్మేది. పోజులో కూర్చుంటే ఈగ వాలినా కదిలేది కాదు.

ఒకరోజు ఆర్ట్ హిస్టరీ సార్ స్టూడియో గోడకి ఒక ప్రింటు అంటించారు. డచ్ చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ 1666-68 ప్రాంతంలో వేసిన 'ది ఆర్ట్ ఆఫ్ పెయింటింగ్'. చిత్రకారుడు మనకి వీపు పెట్టి ఈజిల్ ముందు కూర్చున్నాడు. ఎదురుగా నీలం బట్టల్లో ఒక అమ్మాయి. తలమీద ఆకుల కిరీటం, కుడిచేతిలో పొడవాటి బూర, ఎడమచేత్తో గుండెకి ఆనించుకున్న లావుపాటి పుస్తకం. వెనక గోడ మీద మడతలు పడ్డ పెద్ద మ్యాపు.

"ఎవరీమె?" అన్నారు సార్. పెళ్లికూతురని ఒకరు, ఆయన ప్రేయసని ఇంకొకరు. నేను నాటకంలో నటి అన్నాను. గ్రీకుల చరిత్ర దేవత క్లియో అట. మన శిల్పులకి ధ్యానశ్లోకాలు ఎలాగో, అక్కడి చిత్రకారులకి చెసారే రీపా అనే ఇటలీ ఆయన పుస్తకం అలాగ. ఏ దేవత చేతిలో ఏం ఉండాలో అందులో ఉంటుంది. మేం బుద్ధిగా రాసుకున్నాం.

బ్రేకులో అవ్వ కాళ్లు చాపుకుని ఆ బొమ్మనే చూస్తోంది. "ఆ పిల్లకి చెయ్యి గుంజదా బిడ్డా? ఆయన ఇంకా ఆకులే ఏస్తుండు. అప్పటిదాంక బూర కింద పెట్టుకోమనొచ్చు గదా!"

అందరం లేచి ప్రింటు దగ్గరికి వెళ్లాం. నిజమే! ఆ కాన్వాస్ మీద మనిషికి తెల్లటి గీతలే ఉన్నాయి, రంగు పడింది కిరీటంలో కొన్ని ఆకులకే. మేం ముఖంతో మొదలుపెట్టి తిట్లు తినేవాళ్లం. ఈయన ముఖం కూడా కాదు, కీర్తికి గుర్తయిన ఆకుల కిరీటంతో, అంటే ఏకంగా కీర్తితోనే మొదలుపెట్టాడు. బొమ్మ అర్థం అంతా అక్కడే ఉందనిపించింది నాకు. సార్ అయితే చాలాసేపు ఏం మాట్లాడలేదు.

చాలా ఏళ్లకి వియన్నాలో, కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో అసలుది చూశాను. నిలువు 120 సెంటీమీటర్లు, అడ్డం 100. వెర్మీర్ 1675లో అప్పులతో పోతే, భార్య కాతరీనా దీన్ని అప్పులవాళ్లకి దక్కకుండా తన తల్లి పేర రాసిచ్చింది. పాపం, ఆ కుటుంబానికి అప్పటికి కీర్తి కూడు పెట్టలేదు.

కాసేపటికి ఎడమచేత్తో క్యాటలాగ్ గుండెకి ఆనించుకుని, కుడిచెయ్యి ఆమెలాగే ఎత్తి నిలబడ్డాను. రెండు నిమిషాలకే చెయ్యి లాగింది. గార్డు నావైపే చూస్తున్నాడు.