బ్లాక్‌పూల్ నుంచి ఎబ్బూ వేల్ దాకా ఒక టీవీఆర్‌లో

తలుపుకి హ్యాండిల్ లేదు. ఎక్కడ పట్టుకుని లాగాలో తెలియక నేను నిలబడి చూస్తుంటే, పెద్దాయన నా చెయ్యి పట్టుకుని సైడ్ మిర్రర్ కిందికి తీసుకెళ్ళాడు. అద్దం అడుగున చిన్న బటన్ తగిలింది. నొక్కితే టక్‌మని తలుపు విడింది. "దీన్ని గీసినవాడు రోజూ ఇలాగే నొక్కుకుని లోపలికెక్కి ఉంటాడు అబ్బాయ్. తనకి నచ్చిందే చేశాడు" అన్నాడాయన.

అది కైమీరా, టీవీఆర్ అనే చిన్న బ్రిటిష్ కంపెనీ చేసిన స్పోర్ట్స్ కారు. ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, ముందు ఎనిమిది సిలిండర్ల రోవర్ వీ8 ఇంజిన్. బ్రేకులకి ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. 2022 జూన్‌లో ఒక శని, ఆదివారాలు ఆ కారులోనే తిరిగాం. శనివారం ఆ బ్రాండ్ పుట్టిన ఇంగ్లండ్ సముద్రతీరపు ఊరు బ్లాక్‌పూల్‌కి, ఆదివారం అది మళ్ళీ పుడుతుందని చెప్పిన వేల్స్‌లోని ఎబ్బూ వేల్‌కి.

పెద్దాయన మాంచెస్టర్‌లో మా వీధి చివర ఉంటారు. రిటైరైన ఫిట్టర్. మా నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ బిల్డింగ్ షెడ్డు అని ఎప్పుడో మాటల్లో చెప్పాను. అప్పటినుంచి ఆయనకి నేను వీధిలో ఉండే ఇండియన్ని కాదు, పనిముట్లు తెలిసినవాళ్ళ అబ్బాయిని. ఈ ప్రయాణానికి నన్ను పిలిచింది కూడా అందుకే అనుకుంటాను.

ఎం61 మోటార్‌వే ఎక్కి, ఎం6 మీద ప్రెస్టన్ దాటి, ఎం55లోకి తిరిగితే ఇంకేముంది, దూరాన బ్లాక్‌పూల్ టవర్ కనిపిస్తుంది. 1894లో కట్టింది, 518 అడుగులు. టాప్ తీసేసి వెళ్ళాం. ఆ ఇంజిన్ చప్పుడు చెవితో వినేది కాదు, వీపుకి తగిలేది. చిన్నప్పుడు నాన్న షెడ్డులో లేలాండ్ ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు నేల అదిరేది, మళ్ళీ ఇన్నేళ్ళకి అదే గుర్తొచ్చింది.

దారిపొడవునా ఆయన టీవీఆర్ కథ చెబుతూనే ఉన్నాడు. ట్రెవర్ విల్కిన్సన్ అనే బ్లాక్‌పూల్ కుర్రాడు 1947లో కంపెనీకి ఆ పేరు పెట్టాడు. తన పేరు ట్రెవర్‌లోంచి మూడు అక్షరాలు ఏరుకుని టీవీఆర్ అన్నాడు. 1965లో లిల్లీ కుటుంబం కొన్నది, 1981లో పీటర్ వీలర్ అనే కెమికల్ ఇంజినీర్ చేతికొచ్చింది. ఆయన హయాంలోనే గ్రిఫిత్, కైమీరా, సెర్బెరా, టస్కన్, సగారిస్ అనే మోడళ్ళు వచ్చాయి. ఊరిలో తయారుచేసుకున్న ఫైబర్‌గ్లాస్ బాడీ, గొట్టాలతో వెల్డింగ్ చేసిన స్టీలు ఛాసిస్, చివరికి ఇంజిన్లు కూడా సొంతంగా గీయించుకున్నారు. కైమీరా ముందు ఇండికేటర్ల దగ్గర ఉన్న గుంట గురించి టీవీఆర్ వాళ్ళందరూ ఒక మాట చెప్పుకుంటారు. కారు ఆకారాన్ని ఫోమ్‌లో చెక్కుతుంటే వీలర్ గారి కుక్క నెడ్ ఒక ముక్క కొరికేసిందట, ఆ కొరుకుడు బాగుందని అలాగే ఉంచేశారట. పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు నేను వంగి ఆ గుంటలో వేలు పెట్టి చూశాను. పెద్ద కంపెనీలో ఇలాంటిది ఒక్క మీటింగు కూడా దాటి ముందుకు రాదు.

బ్లాక్‌పూల్‌లోని బిస్పమ్‌లో బ్రిస్టల్ అవెన్యూ అనే రోడ్డు ఉంది. ఫ్యాక్టరీ అక్కడే ఉండేది. 2004లో వీలర్ ఆ కంపెనీని 24 ఏళ్ళ రష్యన్ యువకుడు నికొలాయ్ స్మొలెన్‌స్కీకి అమ్మాడు. 2006 ఏప్రిల్‌లో, అప్పటికి సుమారు 300 మంది పనిచేస్తుంటే, ఆర్డర్లు తగ్గాయని కొందరిని ఇంటికి పంపేశారు. ఆ ఏడాది గడిచేసరికి బ్లాక్‌పూల్‌లో కార్ల తయారీ ఆగిపోయింది. మేం కారు దిగి ఆ రోడ్డు మీద అటూ ఇటూ నడిచాం. ఇక్కడ కార్లు తయారయ్యాయి అని చెప్పేదేదీ మాకు కనిపించలేదు. సముద్రం గాలి విసిరికొడుతోంది. పెద్దాయన మాత్రం ఇక్కడ గేటుండేది, ఇక్కడ కొత్త కార్లు వరసగా నిలబెట్టేవాళ్ళు అని ఖాళీ చోటు చూపిస్తూ నడిచాడు.

సముద్రం ఒడ్డున కార్ పార్కింగ్‌లో ఆయన స్నేహితులు ముగ్గురు కలిశారు. ఒకాయనది టస్కన్, ఇంకొకాయనది పాత గ్రిఫిత్. మూడో మనిషి బస్సులో వచ్చాడు. ఆయనకి కారు లేదు, కానీ ఆ ఫ్యాక్టరీలో ఫైబర్‌గ్లాస్ సెక్షన్‌లో పనిచేశాడు. నాకు ఆయన దగ్గరే కూర్చోవాలనిపించింది. చిప్స్ తింటూ, జిడ్డు వేళ్ళు కాగితానికి తుడుచుకుని, కైమీరా బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య సందులో చూపుడువేలు గోరు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా జరిపాడు. "ఇక్కడ సమానంగా ఉంది, ఇక్కడ కొంచెం బిగుతు. ఆ పక్కది నాలాంటివాడే చేశాడు, ఈ పక్కది కొత్తగా చేరినవాడు" అన్నాడు. మా నాన్న కూడా అంతే. లారీ క్యాబిన్ డోరు పెట్టాక టేపు తియ్యడు, గోరే పెడతాడు.

కొత్త టీవీఆర్ గురించి నేనే అడిగాను. అందరూ ఒక్కసారి మౌనమైపోయారు. తర్వాత టస్కన్ ఆయన మొదలుపెట్టాడు. 2013లో లెస్ ఎడ్గర్, జాన్ చేసీ అనే వ్యాపారవేత్తలు టీవీఆర్‌ని కొన్నప్పుడు ఇంట్లో షాంపేన్ తీశాడట. ఎడ్గర్ వీడియో గేమ్‌ల రంగంలో పేరున్న మనిషి, పైగా స్వయంగా టీవీఆర్ అభిమాని. 2015లో గోర్డన్ మర్రే, కాస్‌వర్త్ పేర్లు బయటికొచ్చేసరికి ఇంక తిరుగులేదనుకున్నారు. ఫార్ములా వన్ కార్లు గీసిన మనిషి ఒకరు, ఇంజిన్లలో అంత పేరున్న కంపెనీ ఇంకొకటి. డిపాజిట్లు కట్టించుకున్నారు. 2017 సెప్టెంబరులో గుడ్‌వుడ్ రివైవల్ అనే పాత రేసు కార్ల ఉత్సవంలో కొత్త గ్రిఫిత్‌ని చూపించారు. 5 లీటర్ల ఫోర్డ్ వీ8, మాన్యువల్ గేరు, ఆరంభ ధర 90,000 పౌండ్లు. మా పెద్దాయన ఆ రోజు అక్కడే ఉన్నారు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఫొటో తీసుకున్నారు.

"ఆ తర్వాత ఎక్కడ చూసినా అదే ఒక్క కారు" అన్నాడు గ్రిఫిత్ ఆయన. "ఐదేళ్ళైంది. రెండోది నేను చూడలేదు."

వాళ్ళ సందేహాలు కోపంతో వచ్చినవి కావు. ఒక్కొక్కటీ లెక్క వేసుకుని వచ్చినవి. చిన్న కంపెనీ కారు రోడ్డెక్కాలన్నా పొగ పరీక్షలు, బ్రేకులు, భద్రత నిబంధనలు దాటాలి. వీలర్ రోజుల్లో లేనివి ఇప్పుడు చాలా ఉన్నాయి. విడిభాగాలు సరఫరా చేసేవాడు ముందు డబ్బు అడుగుతాడు. అచ్చులకి, ప్రెస్సులకి డబ్బు కావాలి. 90,000 పౌండ్లు పెట్టగలిగినవాడికి పోర్షే షోరూమ్ పక్కనే ఉంది, కారు వచ్చే నెలలో ఇస్తాడు. ఇవన్నీ అటుంచి, 2030 తర్వాత కొత్త పెట్రోలు కార్లు అమ్మకూడదని బ్రిటన్ ప్రభుత్వం 2020లో ప్రకటించింది. అంటే ఆలస్యమైన ప్రతి ఏడాదీ వీ8 అమ్ముకునే కాలంలోంచి తరిగిపోతోందని వాళ్ళ అప్పటి లెక్క. ఎలక్ట్రిక్ గ్రిఫిత్ కూడా తెస్తామన్నారు. చప్పుడు లేని టీవీఆర్‌ని ఎవరు కొంటారని టస్కన్ ఆయన బాధ. నేనైతే అక్కడ ఆయనతో ఏకీభవించను, కారు ముందు బయటికి రావాలిగా.

వీళ్ళు ఇలాంటిది ఇంతకుముందూ చూశారు. జెన్సెన్ అని ఒక బ్రాండ్ 1976లో మూతపడింది. 1998లో మళ్ళీ వస్తున్నామని ఎస్‌వీ8 అనే కారు చూపించి, లివర్‌పూల్ దగ్గర స్పీక్‌లో ఫ్యాక్టరీ పెట్టి, కొద్ది కార్లు చేసి 2002లో మునిగిపోయింది. నేను రాయల్ ఎన్‌ఫీల్డ్ సంగతి చెప్పాను. ఇంగ్లండ్‌లో అది పోయినా మద్రాసులో బుల్లెట్ ఆగలేదు, 1955 నుంచి చేస్తూనే ఉన్నారని. బస్సులో వచ్చిన మనిషి తలెత్తి నావైపు చూశాడు. "అది ఆగలేదు కాబట్టి" అన్నాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి నాన్నకి వీడియో కాల్ చేశాను. విజయవాడలో అప్పటికి తెల్లవారుతోంది, షెడ్డుకి బయల్దేరుతున్నాడు. కారు ఫొటోలు చూపించి జరిగింది చెప్పాను. గోర్డన్ మర్రే ఎవరో ఆయనకి తెలియదు. పెట్టుబడి ఎంత అని అడగలేదు, ఇంజిన్ ఎవరిది అనీ అడగలేదు.

"పాతవాళ్ళు ఎంతమంది ఉన్నార్రా అందులో?"

"తెలీదు నాన్నా. ఫ్యాక్టరీ మూసేసి పదహారేళ్ళైంది. ఎవరి దారిన వాళ్ళు పోయారు."

"మరి ఎవరు నేర్పుతారు?"

నా దగ్గర జవాబు లేదు. నాన్న షెడ్డులో అచ్చులు, కొలతలు ఏ కాగితం మీదా ఉండవు. మేస్త్రి చేతిలో ఉంటాయి, ఆయన పక్కన పదేళ్ళు నిలబడ్డ కుర్రాడి చేతిలోకి వెళ్తాయి. మధ్యలో పదిహేనేళ్ళు ఎవరూ నిలబడకపోతే ఆ పని అక్కడితో తెగిపోతుంది. టీవీఆర్ పేరు అమ్మకానికి వచ్చింది, కొన్నారు. నాకు దాని మీద ఉన్న అనుమానమంతా నాన్న అడిగిన ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఉంది.

ఆదివారం పొద్దున్నే ఏ49 మీద ష్రూస్‌బరీ, లడ్లో, హియర్‌ఫర్డ్ మీదుగా దిగాం. ఆ కారు కోసమే వేసినట్టున్న రోడ్డు. హియర్‌ఫర్డ్ దాటాక వాన పట్టుకుంది, టాప్ వేసుకున్నాం. ఆబర్గవెన్నీ దగ్గర నుంచి ఏ465 క్లైడాక్ లోయలోంచి పైకెక్కుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క చెట్ల కింద ఏరు, కొత్తగా వెడల్పు చేసిన రోడ్డు. పెద్దాయన రెండు గేర్లు తగ్గించి తొక్కాడు. ఆ చప్పుడు కొండకి తగిలి వెనక్కొచ్చింది.

ఎబ్బూ వేల్ ఉక్కు ఊరు. స్టీల్ ప్లాంటు 2002లో మూతపడింది. మా ఆవిడ నర్సుగా పనిచేసే ఎన్‌హెచ్‌ఎస్‌ని, అంటే బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవని తెచ్చిన అన్యూరిన్ బెవన్‌ని పార్లమెంటుకి పంపింది ఈ ఊరే. ఇలాంటి ఊరికి 2016లో టీవీఆర్ ఫ్యాక్టరీ వస్తుందని, 150 ఉద్యోగాలని చెప్పారు. వేల్స్ ప్రభుత్వం 20 లక్షల పౌండ్ల అప్పిచ్చింది, 5 లక్షల పౌండ్లతో వాటా కూడా కొన్నది. పక్కనే సర్క్యూట్ ఆఫ్ వేల్స్ అనే రేసింగ్ ట్రాక్ వస్తుందన్నారు. 2017లో ఆ ట్రాక్‌కి హామీ ఇవ్వలేమని ప్రభుత్వమే తప్పుకుంది. టీవీఆర్‌కి అనుకున్న భవనం కప్పు మరమ్మతులు, టెండర్లు, యూరప్ నిబంధనల మధ్య నలుగుతూ ఉండిపోయింది. కార్ల అభిమానులు తమ డిపాజిట్ గురించి బాధపడతారు, అది న్యాయమే. కానీ ఆ 150 ఉద్యోగాల కోసం ఎదురుచూసినవాళ్ళ గురించి నాకు ఇంకా ఎక్కువ బెంగ కలిగింది.

రాస్సా పారిశ్రామిక వాడలో దారి అడగడానికి టీ కొట్టు లాంటి చిన్న కేఫ్ దగ్గర ఆగాం. కౌంటర్ వెనకాల ఆవిడ కిటికీలోంచి కారు చూసి ముఖం వెలిగిపోయింది. "వచ్చేశారా? మొదలుపెడుతున్నారా?" అని అడిగింది. పెద్దాయన తల అడ్డంగా ఊపి, ఇది పాతదమ్మా అన్నారు. ఆవిడ టీకి డబ్బులు తీసుకోలేదు.

ఫ్యాక్టరీ కోసం అనుకున్న చోట గేటు వేసి ఉంది. ఆదివారం కాబట్టి మనుషులుండరని నాకూ తెలుసు. ఐనా చాలాసేపు నిలబడ్డాం. ఫొటో తీసి నాన్నకి పంపితే వెంటనే మెసేజ్ వచ్చింది: షెడ్డు ముందు టైర్ల జాడ ఉందా? చూశాను. వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి, జాడలు లేవు.

పెద్దాయన కారులో వంగి ఒక కవరు తీశారు. గుడ్‌వుడ్‌లో 2017లో తీసుకున్న ఫొటో. జనం భుజాల మధ్యనుంచి కొత్త గ్రిఫిత్ ముక్కు, ఒక హెడ్‌లైటు కనిపిస్తున్నాయి. గేటు ముందు నిలబడి దాన్ని ఒకసారి చూసుకున్నారు. వాన చినుకు పడితే చొక్కా అంచుతో జాగ్రత్తగా తుడిచి, మళ్ళీ కవరులో పెట్టి, కవరుని ఉన్నచోటే పెట్టేశారు. అద్దం కింద బటన్ నొక్కి నేనూ లోపలికెక్కాను.