తతెయామా మంచు గోడలు, టొయామా కౌంటర్ దగ్గర మా అవస్థ

నిన్న రాత్రే నగానో చేరాం. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. ఏప్రిల్లో జపాన్‌లోని తతెయామా కొండల మీద మంచు గోడలు చూడాలనుకునే మనవాళ్లెవరికైనా పనికొస్తుంది.

వీసా, విమానం, టోక్యో నుంచి టొయామాకి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు), అన్నీ సాఫీగా జరిగిపోయాయి.

జేఆర్ పాస్ అంటే జేఆర్ అనే జపాన్ రైల్వే సంస్థ రైళ్లకి టూరిస్టులు కొనుక్కునే పాస్. మాకు టికెట్లు చేసిన ఏజెంటు "జేఆర్ పాస్ ఉంటే కొండ మీదికి కూడా చాలండీ" అన్నాడు. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అదే మాట. పొద్దున ఏడింటికి టొయామాలో కొండ రైలు కౌంటర్లో పాస్ చూపిస్తే, అక్కడున్న ఆవిడ రెండు ముంజేతులూ ఛాతీ ముందు ఇంటూ మార్కులా అడ్డం పెట్టింది. మళ్లీ చూపించాను. తల వంచి, మళ్లీ అదే. వెనక ఇరవై మంది. ఒక్కరూ విసుక్కోలేదు, దాంతో నాకు ఇంకా తల కొట్టేసినట్టయింది. అరవై ఎనిమిదేళ్ల అమ్మ నా చొక్కా పట్టుకుని "పోనీలేరా, వెనక్కి వెళ్లిపోదాం" అంది. ఆ మాటకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ దారిలో రైలు, కేబుల్ కారు, బస్సు, రోప్‌వే ఏదీ జేఆర్‌ది కాదు. కొండకి అవతల, దారి చివరనున్న ఒగిజావా దాకా మనిషికి పది వేల యెన్‌ల పైనే. కట్టాను. తీరా తతెయామా స్టేషన్‌కి వెళ్తే కేబుల్ కారు టికెట్ మీద టైం వేసిస్తారట. నెట్‌లో ముందే కొన్నవాళ్లు ఎక్కి వెళ్లిపోతుంటే మేం మూడు గంటలు చెక్క బెంచీ మీద. కమిషన్ తీసుకునే మనిషికి తను అమ్మే దారి తెలిసుండాలి. తెలియకపోతే తెలీదని చెప్పాలి. మీరు మాత్రం ఆ రూట్ సొంత వెబ్‌సైట్లో టైం చూసుకుని కొనండి. పెద్ద సూట్‌కేసులుంటే టొయామాలోనే అవతలి వైపుకి పంపేయండి.

మంచు గోడలుండేది ఆ దారిలోనే పైన, మురోడో దగ్గర. 2,450 మీటర్ల ఎత్తు. మంచు కోసి వేసిన రోడ్డు, రెండు పక్కలా గోడలు. కొన్నేళ్లు 20 మీటర్ల దాకా ఉంటాయి. తెల్లటి గోడలో అక్కడక్కడ పసుపు చారలు. చైనా, మంగోలియా ఎడారుల దుమ్ము గాలికి వచ్చి పడి, దాని మీద మళ్లీ మంచు కురిస్తే అలా పొరలు పడతాయట. అమ్మ గ్లవుజు తీసి ఆ చార మీద చెయ్యి పెట్టి "గంధంలా ఉందిరా" అంది.

అదే దారిలో వచ్చే కురొబె డ్యాం ఎత్తు 186 మీటర్లు. 1963లో పూర్తయ్యేలోపు 171 మంది ప్రాణాలు పోయాయి. వాళ్ల స్మారకం దగ్గర కాసేపు నిలబడండి. నీళ్లు దూకడం చూడాలంటే మాత్రం జూన్ 26 తర్వాతే రావాలి. పైన చూసే చోటికి 220 మెట్లు. మా అమ్మ ఒక్కసారే ఆగి, అన్నీ ఎక్కేసింది.