గాలి తీస్తే గానీ సాగని దారి

హైవే మీద లారీల హారన్లు భరించలేక నిన్న విశాఖ దగ్గర ఆనందపురం దాటాక సైకిలు మీద పద్మనాభం వైపు లోపలి దారి పట్టాను. మ్యాపులో గీత సన్నగా, ముద్దుగానే ఉంది. కింద చూస్తే కంకర పోసి వదిలేసిన రోడ్డు (ఏ ఎన్నికలప్పుడు పోశారో). పళ్ళు టకటకమంటుంటే దిగి రెండు టైర్లలోనూ కొంచెం గాలి తీశాను. బిగిసిన టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది, మెత్తబడితే రాయిని మింగేస్తుంది. అక్కణ్ణుంచి ప్రాణం హాయి. పక్కనే జీడితోటలు, రాలిన పళ్ళ పులిసిన వాసన.

ఆ సుఖం ఎంతసేపని? తుమ్మముల్లు. వెనక చక్రమే, ఎప్పుడూ వెనకదే. స్పేర్ ట్యూబు ఇంట్లో భద్రంగా ఉంది. బోరు దగ్గర ఒక మామ్మ బకెట్టుతో నీళ్ళిచ్చింది. ట్యూబు ముంచి తిప్పితే వాల్వుకి జానెడు దూరంలో సన్నటి బుడగలు. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరేదాకా ఊదుతూ కూర్చున్నా.

"ఏటి బాబూ, ఉద్యోగం నేదేటి?" అంది.

ఉందన్నాను. నమ్మలేదు. మజ్జిగ మాత్రం ఇచ్చింది.

పద్మనాభంలో కొండ కిందనుంచే దణ్ణం. 1794లో విజయనగరం రాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణాలొదిలింది ఇక్కడే. నాకు మెట్లెక్కే ఓపిక కూడా లేదు.

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట కాసేపు ఆగి, బీచ్ రోడ్డెక్కాను. నున్నటి తారు. అయినా బండి కదలదే! టైర్లలో గాలి మళ్ళీ కొట్టలేదని రుషికొండ ఎత్తులో గుర్తొచ్చింది.