అర్ధరాత్రి ఫోను ఎప్పుడు మోగాలి: జాబిక్స్‌తో నా అనుభవం

తెల్లవారుజామున 5.50కి ఫోను మోగింది. ఏలూరు శాఖలో రక్త నమూనాలు తీసుకునే టెక్నీషియన్ చేశారు. "సార్, కంప్యూటర్లో పేరు ఎక్కడం లేదు. పరగడుపున వచ్చినవాళ్లు పదిమంది దాకా కూర్చున్నారు. షుగరు ఉన్న పెద్దవాళ్లు ఎంతసేపు ఆగగలరు సార్?" అని అడిగారు.

నేను విజయవాడలో ఒక డయాగ్నొస్టిక్ సంస్థకు సర్వర్లు చూసుకుంటాను. ప్రధాన కార్యాలయంలో ఎనిమిది, శాఖల్లో ఆరు, మొత్తం 14 లినక్స్ సర్వర్లు. లాగిన్ అయి చూస్తే ప్రధాన సర్వర్లో డిస్కు పూర్తిగా నిండిపోయి ఉంది. రిపోర్టులు తయారుచేసే సర్వీసుకు ఎవరో డీబగ్ లాగ్ (ప్రతి చిన్న సంగతినీ ఫైల్లో రాసుకునే నమోదు) పెట్టి, తీయడం మరిచిపోయారు. అదే డిస్కు మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది. వాల్ ఫైలు (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే చిట్టా) రాయడానికి చోటు దొరక్కపోతే పోస్ట్‌గ్రెస్ ఆగిపోతుంది. ఆ రాత్రి 2.10కి ఆగింది. మూడు గంటల నలభై నిమిషాల పాటు ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

సర్వర్లను నిత్యం గమనించే జాబిక్స్ అనే సాఫ్ట్‌వేర్ మా దగ్గర అప్పటికే ఉంది. గ్రాఫు తెరిచి చూస్తే ఆ డిస్కు గీత నాలుగు రోజులుగా మెట్లెక్కినట్టు పైకి పోతోంది. సాఫ్ట్‌వేర్ అన్నీ చూస్తూనే ఉంది, మాకు చెప్పమని మేమే దానికి చెప్పలేదు. ఆ వారమే అలర్ట్ల పని మొదలుపెట్టాను.

ముందు ఎస్సెమ్మెస్ అనుకున్నాను. మన దేశంలో సంస్థ పేరుతో ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే టెలికాం నమోదు పోర్టల్‌లో సంస్థను, పంపేవారి హెడర్‌ను (సందేశం మీద కనిపించే పేరు), సందేశం నమూనాను ముందే నమోదు చేసుకోవాలి. నమూనాలో ఖాళీ వదిలిన చోట తప్ప అక్షరం మారకూడదు. రోజుకో రకంగా ఉండే సర్వర్ హెచ్చరికలకు అది కుదిరే పని కాదనిపించింది. టెలిగ్రామ్‌కు జాబిక్స్‌లోనే సిద్ధంగా మీడియా టైప్ (సందేశం పంపే మార్గం) ఉంది. బాట్ (తనంతట సందేశాలు పంపే ఖాతా) ఒకటి తయారుచేసి, దాని టోకెన్ (రహస్య తాళం) అందులో పెడితే అరగంటలో పని అయిపోయింది. ఆ హెచ్చరికలు వచ్చే టెలిగ్రామ్ గ్రూపుకు మాత్రం ఫోనులో వేరే శబ్దం పెట్టుకోవాలి. లేకపోతే పెళ్లి ఫొటోలకూ డేటాబేస్ ఆగినందుకూ ఒకటే మోత.

జాబిక్స్ సిద్ధంగా ఇచ్చే టెంప్లేట్లలో ఉన్న ట్రిగ్గర్లన్నిటినీ (ఏ హద్దు దాటితే హెచ్చరించాలో చెప్పే షరతులు) అలాగే ఉంచి పడుకున్నాను. పొద్దున లేచేసరికి 63 సందేశాలు వచ్చి ఉన్నాయి. ఒంటి గంటకు బ్యాకప్ నడిచినప్పుడు సీపీయూ ఎక్కువైందని కొన్ని, తగ్గిందని కొన్ని. మచిలీపట్నం శాఖలో ఇంటర్నెట్ లైను పోయినందుకు రూటర్ లేదని ఒకటి, సర్వర్ లేదని ఒకటి, దాని మీది సర్వీసులు లేవని మరో ఏడు. వాటి మధ్య, 41వ సందేశంలో, ఒక బ్యాకప్ విఫలమైందన్న నిజమైన కబురు ఉంది. నా కళ్లు దాన్ని దాటిపోయాయి. మధ్యాహ్నం బ్యాకప్ ఫోల్డరు తెరిచినప్పుడు గానీ పట్టుకోలేకపోయాను.

ఆ రోజు ఒక కాగితం తీసుకుని ప్రతి ట్రిగ్గర్‌కూ ఒకే ప్రశ్న వేసుకున్నాను: ఇది మోగితే నేను లేచి ఏం చేయాలి? సీపీయూ 90 శాతం దాటితే రాత్రి రెండింటికి నేను చేయగలిగింది ఏమీ లేదు. దాన్ని పూర్తిగా తీసేశాను. బదులుగా లాగిన్ పేజీ ఎన్ని సెకన్లలో తెరుచుకుంటోందో కొలిచే వెబ్ సినారియో పెట్టాను. ఏలూరులో ఫోను చేసిన ఆ టెక్నీషియన్‌కు, ఆమెకు కావలసింది ఆ పేజీ. సీపీయూ ఎంత ఉన్నా ఆమెకు సంబంధం లేదు.

డిస్కు విషయంలో ఎక్కువ కష్టపడ్డాను. టెంప్లేటులో 80 శాతానికి హెచ్చరిక, 90కి తీవ్ర హెచ్చరిక ఉంటాయి. రెండు టెరాబైట్ల డిస్కులో 80 శాతం నిండినా ఇంకా 400 గిగాబైట్ల ఖాళీ ఉంటుంది, కంగారు పడనక్కర్లేదు. ఇరవై గిగాబైట్ల డిస్కులో అదే 80 శాతానికి మిగిలేది నాలుగే. అందుకని టైమ్‌లెఫ్ట్ అనే ఫంక్షన్ వాడాను. గత కొన్ని గంటల వేగాన్ని బట్టి డిస్కు ఎన్ని సెకన్లలో నిండుతుందో అది లెక్క కడుతుంది. అదొక్కటే పెడితే చిన్న కుదుపుకు కూడా బెదిరిపోతుంది. కాబట్టి 70 శాతం దాటి ఉండాలి, పన్నెండు గంటల్లోపు నిండేలా ఉండాలి, ఈ రెండూ కలిస్తేనే మోగమన్నాను. ఆ నాలుగు రోజుల డీబగ్ లాగ్‌ను ఈ లెక్కతో పోల్చి చూసుకున్నాను. ముందు రోజు మధ్యాహ్నానికే పట్టుబడి ఉండేది.

ఇక మోగుతూ ఆగుతూ ఉండే ట్రిగ్గర్లు. తాజా విలువ ఒక్కటే చూస్తే ఇలాగే జరుగుతుంది. గత ఐదు నిమిషాల్లోని కనిష్ఠ విలువ హద్దు దాటితేనే సమస్య అని రాస్తే, ఆ ఐదు నిమిషాలూ విలువ పైనే ఉందని అర్థం. తగ్గిందని చెప్పడానికి వేరే రికవరీ షరతు, అదీ కొంచెం దిగువ హద్దుతో పెట్టాలి. శాఖ సర్వర్ల ట్రిగ్గర్లన్నిటినీ ఆ శాఖ రూటర్ ట్రిగ్గర్ మీద ఆధారపడేలా చేశాను. ఇప్పుడు లైను పోతే వచ్చేది ఒకే సందేశం.

యాక్షన్‌లో (ట్రిగ్గర్ మోగితే ఏం చేయాలో రాసే చోటు) స్టెప్పుల దగ్గర ఒక మాట. మొదటి స్టెప్పులో నాకు, నేను అందుకున్నానని నొక్కకపోతే రెండో స్టెప్పులో మా జూనియర్ కుర్రాడికి పంపమన్నాను. పరీక్షిస్తే రెండో సందేశం ఎంతకీ రాలేదు. స్టెప్పు వ్యవధి మనం మార్చకపోతే గంట ఉంటుంది. దాన్ని పది నిమిషాలు చేశాను.

తర్వాత వచ్చింది అసలు ఆశ: మనిషి లేవకుండానే యంత్రం తన పని తాను చక్కబెట్టుకోవడం. డిస్కు నిండబోతే పాత లాగ్‌లు తీసేసే స్క్రిప్టు రాసి, జాబిక్స్ యాక్షన్‌కు కట్టాను. చేత్తో నడిపితే పనిచేసింది, జాబిక్స్ నడిపితే చేయలేదు. ఏజెంటు (ప్రతి సర్వర్లో జాబిక్స్ తరఫున పనిచేసే చిన్న ప్రోగ్రాము) జాబిక్స్ అనే యూజర్‌గా నడుస్తుంది, దానికి ఆ ఫైళ్ల మీద హక్కు లేదు. పైగా 5.0 వెర్షన్ నుంచి బయటి ఆదేశాలు నడపడాన్ని ఏజెంటు దానంతట అదే నిరాకరిస్తుంది. కాన్ఫిగరేషన్‌లో అలవ్‌కీ అనే సెట్టింగుతో అనుమతి ఇవ్వాలి. అన్ని ఆదేశాలకూ తలుపు తెరవవచ్చు, చాలామంది తెరుస్తారు కూడా. నేను ఒప్పుకోలేదు. రోగుల వివరాలున్న సర్వర్ అది. ఒక్క స్క్రిప్టు పూర్తి దారి రాసి, సుడోలో (అడ్మిన్ హక్కుతో ఆదేశం నడిపించేది) కూడా దానికి మాత్రమే పాస్‌వర్డ్ లేని అనుమతి ఇచ్చాను.

స్క్రిప్టు నడిచింది, లాగ్ ఫైలు పోయింది, డిస్కు మాత్రం ఖాళీ కాలేదు. ఫైళ్ల సైజు కూడే డీయూ ఆదేశం చూస్తే తగ్గింది, డిస్కులో ఖాళీ చెప్పే డీఎఫ్ చూస్తే అంతే ఉంది. సర్వీసు ఆ ఫైలును తెరిచి పట్టుకుని ఉన్నంతకాలం పేరు పోయినా చోటు పోదు. తెరిచి ఉన్న ఫైళ్లు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో వెతికితే "డిలీటెడ్" అన్న గుర్తుతో 11 గిగాబైట్ల ఫైలు కనిపించింది. అప్పటి నుంచి తెరిచి ఉన్న లాగ్‌ను తుడిచేయకుండా, సున్నాకు కుదిస్తున్నాను. స్క్రిప్టు తాకగలిగే ఫోల్డరు కూడా ఒక్కటే. పోస్ట్‌గ్రెస్‌లో వాల్ ఫోల్డరు పేరు ఒకప్పుడు పీజీ ఎక్స్‌లాగ్. లాగే కదా అని జనం తుడిచేసి డేటాబేస్ పోగొట్టుకునేవారు. అందుకే 2017లో వచ్చిన పదో వెర్షన్‌లో పీజీ వాల్ అని పేరు మార్చారు.

రెండో స్క్రిప్టు నాకు నిజమైన పాఠం చెప్పింది. రిపోర్టు సర్వీసు జవాబివ్వకపోతే దాన్ని రీస్టార్ట్ చేయమన్నాను. మూడు వారాలు హాయిగా నిద్రపోయాను. ఒక రోజు గుంటూరు శాఖ నుంచి ఫోను: యంత్రం నుంచి పంపిన ఫలితాలు కొన్ని కనిపించడం లేదని. చరిత్ర తీసి చూస్తే సర్వీసు ఆ వారంలో 19 సార్లు రీస్టార్ట్ అయింది. ఆ క్షణాన దారిలో ఉన్న ఫలితాలు అలాగే పోయాయి. నమూనాలు ల్యాబులోనే ఉండటం వల్ల మళ్లీ పరీక్షించగలిగారు. అయినా ఒక పెద్దాయన రిపోర్టు కోసం మర్నాడు మళ్లీ రావలసి వచ్చింది. ఆ సంగతి నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. నా నిద్ర కోసం పెట్టిన స్క్రిప్టు రోగాన్ని కప్పిపెట్టింది.

దాన్ని మళ్లీ రాశాను. ఇప్పుడు రీస్టార్ట్‌కు ముందు థ్రెడ్ డంప్ (ఆ క్షణంలో సర్వీసు లోపల ఏ పని ఎక్కడ ఆగిందో చూపే నివేదిక) తీసి తేదీతో దాచిపెడుతుంది. గంటలో రెండుసార్లకు మించి రీస్టార్ట్ చేయదు, మూడోసారి నన్ను లేపుతుంది. చేసిన ప్రతి పనినీ గ్రూపులో రాస్తుంది. మొదటి డంపులోనే కారణం దొరికింది. రిపోర్టు సర్వీసును నడిపే టామ్‌క్యాట్‌లోని 200 థ్రెడ్లూ (సమాంతరంగా సాగే పనులు) డేటాబేస్ కనెక్షన్ కోసం వరుసలో నిలబడి ఉన్నాయి. పీడీఎఫ్ తయారీ విఫలమైనప్పుడల్లా కోడ్ కనెక్షన్‌ను తిరిగి ఇవ్వకుండా బయటికి వచ్చేస్తోంది. దిద్దడానికి డెవలపర్‌కు పావుగంట పట్టింది. ఆ తర్వాత రెండున్నర నెలల్లో ఆ స్క్రిప్టు ఒక్కసారి కూడా నడవలేదు.

ఇంకొకటి మిగిలింది: జాబిక్స్ సర్వరే ఆగిపోతే చెప్పేది ఎవరు? వేరే చోట ఉన్న చిన్న యంత్రం నుంచి ఐదు నిమిషాలకోసారి జాబిక్స్‌ను పలకరించే క్రాన్ (వేళకు తనంతట నడిచే పని) పెట్టాను. అది టెలిగ్రామ్‌కు తానే నేరుగా రాస్తుంది.

ప్రతి నెలా మొదటి శనివారం మధ్యాహ్నం పరీక్ష సర్వర్లో ఫాలొకేట్ అనే ఆదేశంతో పెద్ద ఫైలు ఒకటి సృష్టించి డిస్కు నింపుతాం. ఫోను బల్ల మీద పెట్టుకుని, గడియారం చూస్తూ కూర్చుంటాం. క్రితం నెల ఆరు నిమిషాలకు సందేశం వచ్చింది. నేను కావాలనే నొక్కలేదు. పది నిమిషాల తర్వాత పక్క కుర్చీలో కుర్రాడి ఫోను మోగింది. "అన్నా, నాకొచ్చింది" అన్నాడు. తేదీ, సమయం పుస్తకంలో రాసుకుని ఆ ఫైలు తీసేశాం.