కొత్తవలస దాటాక ఎండ్‌గేమ్

పదో తరగతి చదువుతున్న మా మేనల్లుడు మొన్న ఆదివారం ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ చూసి, ‘గతంలోకి వెళ్లడం చేతనైనప్పుడు ఉయ్యాలలో ఉన్న థానోస్‌ను అక్కడే చంపేస్తే పోయేది కదా మావయ్యా, ఇంత తతంగం ఎందుకు?’ అని అడిగాడు. థానోస్ ఆ కథలో ప్రతినాయకుడు, మహిమగల మణులతో చిటికె వేసి విశ్వంలో సగం ప్రాణులను తుడిచిపెడతాడు. వాళ్లను తిరిగి తెచ్చుకోవడానికి అవెంజర్స్ అనే వీరుల బృందం ఆ మణుల కోసం గతంలోకి వెళుతుంది. 2019లో జగదాంబ సెంటర్‌లో సినిమా చూసి, బీచ్ రోడ్డు దాకా నడుస్తూ మిత్రులతో నేను వాదించుకున్నది కూడా ఈ విషయమే. నిజానికి సినిమాలో ఆ బృందంలోని రోడీ సైతం ఇదే అడుగుతాడు. గతంలోకి వెళ్లినవాడికి ఆ గతమే రాబోయే కాలమవుతుందనీ, అతడు విడిచి వచ్చిన వర్తమానం గడిచిపోయిన కాలమైపోతుంది కనుక దాన్ని ఇక ఎవరూ మార్చలేరనీ వారిలోని శాస్త్రవేత్త బ్యానర్ జవాబిస్తాడు. ఈ జవాబు చాలామందికి చెవికెక్కదు. మా వాడికీ ఎక్కలేదు.

అప్పుడు నాకు కొత్తవలస గుర్తుకొచ్చింది. విశాఖలో బయలుదేరిన కిరండూల్ బండి, విజయనగరం బండి కొత్తవలస దాకా ఒకే దారిలో నడుస్తాయి. అక్కడ కిరండూల్ లైను విడిపోయి, శృంగవరపుకోట మీదుగా అరకు కొండలెక్కుతుంది. బొర్రా దగ్గర కొండచరియ విరిగిపడి ఆ బండి ఆగిపోయినంత మాత్రాన, అప్పటికే విజయనగరంలో దిగి ఇంటికి చేరినవాడు మాయమైపోడు. గతంలో ఒక మార్పు చేయడమంటే కొత్తవలస దగ్గర మరో లైను, అంటే కాలానికి మరో శాఖ, వేయడమే తప్ప, నడిచి వచ్చిన పట్టాలను పీకేయడం కాదు.

ఇందుకు సినిమాలోనే గట్టి సాక్ష్యం థానోస్ పెంపుడు కూతురు నెబ్యులా. కథలో వర్తమానమైన 2023 నాటి నెబ్యులా 2014 నుంచి వచ్చిన తన రూపాన్నే కాల్చి చంపుతుంది, అయినా తాను చెక్కుచెదరదు. చివరి యుద్ధంలో అవెంజర్స్‌లోని టోనీ చిటికెతో బూడిదైన థానోస్ కూడా 2014 శాఖకు చెందినవాడే. 2018లో సగం ప్రాణులను తుడిచిపెట్టిన అసలు థానోస్ తలను అవెంజర్స్‌లో ఒకడైన థోర్ సినిమా మొదట్లోనే నరికేశాడు. వోర్మిర్ గ్రహం మీద చనిపోయిన నెబ్యులా అక్క గమోరా తిరిగి రాలేదు, వచ్చింది ఆ గమోరా ప్రియుడు క్విల్ ఎవరో తెలియని వేరే గమోరా. (అంత పెద్ద నౌకను సైన్యంతో సహా 2014 నుంచి ఎలా తెచ్చారన్నది మాత్రం సినిమా వివరించదు. నేనూ పట్టించుకోవడం మానేశాను.)

అసలు చిక్కు కెప్టెన్ అమెరికా అయిన స్టీవ్ రోజర్స్‌తోనే వచ్చింది. మణులను వాటి వాటి కాలాల్లో అప్పగించి అయిదు సెకన్లలో కాలయాత్ర యంత్రపు వేదిక మీదికి రావలసినవాడు రాడు. కాస్త దూరంలో చెరువు ఒడ్డున బల్ల మీద ముసలివాడై కూర్చుని కనిపిస్తాడు. అతడు గతంలో ఉండిపోయి ప్రేయసి పెగ్గీతో గడిపిన జీవితం ఈ అసలు లైనులోనిదేనని రచయితలు మార్కస్, మెక్‌ఫీలీ అన్నారు. కాదు, అది వేరే శాఖలోనిదని దర్శకులు రూసో సోదరులు అన్నారు. సినిమా తీసినవారికే పొంతన కుదరనప్పుడు ప్రేక్షకుడు తికమకపడటంలో వింతేమీ లేదు. నేను మాత్రం దర్శకుల పక్షమే. థానోస్ కత్తి దెబ్బలకు స్టీవ్ డాలు ముక్కలైందని మనం కళ్లారా చూశాం, కానీ ముసలి స్టీవ్ మిత్రుడు శామ్ చేతికి ఇచ్చిన డాలుకు చిన్న గీత కూడా లేదు. అది మరో శాఖ నుంచి తెచ్చినదై ఉండాలి.

‘అలాగైతే అతడు వేదిక మీదికే రావాలి కదా. అరకు బండి ఎక్కినవాడు మళ్లీ కొత్తవలసకు రాకుండా విజయనగరంలో ఎలా దిగుతాడు?’ అని మా వాడు నా పోలికతోనే నన్ను నిలదీశాడు. నాకు జవాబు తోచలేదు. వాడు కాసేపు ఫోనులో రైల్వే మ్యాపు వెతికి, తలెత్తి అన్నాడు: ‘దొరికింది మావయ్యా. అరకు దాటి కోరాపుట్‌లో బండి మారితే, రాయగడ మీదుగా నేరుగా విజయనగరం వచ్చేయొచ్చు.’